మద్రాసు వేధశాల జాడల్లో: నుంగంబాక్కం నుంచి పరంగిమలై దాకా

చెన్నైలో పాతకాలపు శాస్త్ర పరికరాలను చూడాలనుకునేవారు అవన్నీ ఒకే చోట, అద్దాల బీరువాల్లో వరుసగా కనిపిస్తాయని ఆశించకూడదు. మద్రాసు వేధశాల (గ్రహనక్షత్రాలను పరిశీలించే కేంద్రం) 1899లో కొడైకెనాల్‌కు తరలినప్పుడు పనికివచ్చే దూరదర్శినులూ దానితోపాటే కొండెక్కాయి. దేశాన్ని కొలిచి పటం గీయడానికి విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన సర్వేలో వాడిన పెద్ద థియోడొలైట్ (కోణాలు కొలిచే పరికరం) డెహ్రాడూన్‌లో సర్వే ఆఫ్ ఇండియా వద్ద ఉంది. ఇక్కడ మిగిలినవి చాలావరకు ఆ పరికరాలు నిలబడిన చోట్లే. అయినా నాకు ఈ యాత్ర గిట్టుబాటైంది ఆ చోట్ల వల్లనే గాని, మీటలు నొక్కి చూసే గ్యాలరీల వల్ల కాదు.

బసకు ఎగ్మూరు అన్ని విధాలా అనుకూలం. విజయవాడ వైపు నుంచి సెంట్రల్‌లో దిగినవారికి మెట్రోలో అది పక్క స్టేషనే. బీచ్–తాంబరం లోకల్ రైలు ఎగ్మూరు నుంచి నుంగంబాక్కం మీదుగా పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) వరకు నేరుగా తీసుకుపోతుంది కనుక ఆటోల బేరంతో పెద్దగా పని పడదు. టి.నగర్‌లో మన భోజనం సులువుగా దొరుకుతుంది కాని, సాయంత్రం అక్కడి జనంలోంచి గదికి చేరడమే ఒక ప్రయాణం. లాడ్జీల ప్రకటనలను మాత్రం పూర్తిగా నమ్మవద్దు. నేను దిగినచోట వేడినీళ్ళు ఇరవై నాలుగు గంటలూ వస్తాయని బోర్డు ఉంది. ఉదయం ఎనిమిది దాటితే కుళాయిలో చల్లనీళ్ళే. డబ్బు కట్టకముందే గది చూసుకోవడం ఉత్తమం.

నుంగంబాక్కంలో కాలేజీ రోడ్డు మీద ఉన్న ప్రాంతీయ వాతావరణ కేంద్రం ఆవరణలోనే పూర్వం మద్రాసు వేధశాల ఉండేది. 1786లో విలియం పెట్రీ అనే కంపెనీ అధికారి ఎగ్మూరులో సొంతంగా మొదలుపెట్టిన వేధశాలను 1790లో ఈస్టిండియా కంపెనీ తీసుకుంది. 1792 నాటికి మైకేల్ టాపింగ్ గీసిన నమూనాతో నుంగంబాక్కంలో భవనం లేచింది. ఆ భవనం ఇప్పుడు లేదు. దాని నడుమ నిలిపిన 15 అడుగుల గ్రానైటు స్తంభం మాత్రం ఉంది. పది టన్నుల ఆ రాయి అలంకారానికి పెట్టినది కాదు. నక్షత్రాల స్థానాలు కొలిచే పరికరం ఇసుమంత అదిరినా లెక్క తప్పుతుంది కనుక, గదిలో మనుషులు నడిచినా కదలని పీఠం కావలసి వచ్చింది.

స్తంభం మీద లాటిన్‌తోపాటు తమిళ, తెలుగు శాసనాలూ ఉన్నాయి. వెయ్యేళ్ళ తరువాతివారికి సైతం బ్రిటిషువారి ఔదార్యం తెలియాలన్నది అప్పటి ఉద్దేశం. వారి పాలన అందులో నాలుగో వంతైనా సాగలేదు. ఎండ నెత్తిమీద ఉన్నప్పుడు తెలుగు అక్షరాలు రాతి రంగులో కలిసిపోతాయి. వెలుతురు పక్కనుంచి పడే ఉదయపు వేళ వెళితే గుడిసున్నల వంపులు, ఒత్తుల లోతు స్పష్టంగా తెలుస్తాయి. ఇది ప్రదర్శనశాల కాదు, పని జరిగే కార్యాలయం. కాబట్టి ముందుగా రాసి అనుమతి తీసుకుని వెళ్ళడం మర్యాద. నాకు లోపల ఎవరూ ఇబ్బంది కలిగించలేదు.

ఆ చోటు విలువ తెలియాలంటే ముందు కొంత చదువుకుని వెళ్ళాలి. భారతదేశపు పటాలకు రేఖాంశం లెక్క ఇక్కడి నుంచే సాగింది. 1906లో దేశమంతటికీ ఒకే ప్రామాణిక సమయం రాకముందు రైళ్ళు మద్రాసు సమయాన్నే పాటించేవి. 1861లో వేధశాల ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ పాగ్సన్ ఇక్కడ కనుగొన్న గ్రహశకలానికి ‘ఆసియా’ అని పేరు పెట్టారు. ఆయన వద్ద పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో ఆర్ రెటిక్యులై అనే చరతారను (వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే నక్షత్రాన్ని) కనుగొన్నారు. మరుసటి ఏడాది ఆగస్టు 18న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పాగ్సన్ మచిలీపట్నంలో, రఘునాథాచారి వనపర్తిలో, ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో పరిశీలించారు. ఆ గ్రహణవేళ సూర్యకాంతి వర్ణపటంలో కనిపించి, తరువాత హీలియం ఉనికిని చాటిన పసుపు గీత కథలో మన ఊళ్ళ పేర్లు ఇంత దగ్గరగా ఉన్నాయని మన పిల్లలకు ఎవరూ చెప్పరెందుకో!

పరంగిమలై మెట్లు నూట ముప్పైకి పైగా ఉంటాయి; ఎక్కలేనివారికి వాహనాల దారి ఉంది. ఎక్కువమంది చర్చి కోసం వస్తారు, లాంబ్టన్ ప్రతిమ దగ్గర ఆగేవారు అరుదు. 1802 ఏప్రిల్ 10న ఆయన ఈ కొండ దాపున మొదలుపెట్టి పెరుంబాక్కం గుట్ట వైపు దాదాపు 12 కిలోమీటర్ల ఆధారరేఖను, అంటే సర్వేలోని మిగతా దూరాల లెక్కకు మూలమైన గీతను, కొలిచారు. కొలిచినది 100 అడుగుల ఉక్కు గొలుసుతో. దాన్ని నేలమీద పరవక, కాళ్ళ మీద నిలిపిన చెక్కపెట్టెల్లో ఉంచి, పక్కన ఉష్ణమాపకాలు పెట్టేవారు. అంత జాగ్రత్త ఎందుకంటే, పది డిగ్రీల సెల్సియస్ తేడాకు అలాంటి గొలుసు సుమారు మూడున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. నాలుగు వందల సార్లు పరిచేసరికి తప్పు 1.4 మీటర్లకు చేరుతుంది. ఏప్రిల్, మే నెలల మద్రాసు ఎండలో ఆ పని వారాల తరబడి సాగింది. ఎండాకాలపు మధ్యాహ్నం ఇక్కడికి రావద్దని చెప్పడానికి అంతకు మించిన కారణం అక్కర్లేదు. పైనుంచి పెరుంబాక్కం వైపు చూస్తే ఇప్పుడు కనిపించేవి కట్టడాలే.

కోటూరుపురంలోని బిర్లా నక్షత్రశాల, పెరియార్ శాస్త్ర సాంకేతిక కేంద్రం పిల్లలతో వచ్చేవారికి బాగుంటాయి. నక్షత్రశాల ప్రదర్శనలు తమిళంలో, ఆంగ్లంలో నడుస్తాయి కనుక వేళ చూసుకుని టిక్కెట్టు తీసుకోవాలి. పెరంబూరు వైపు ఐసీఎఫ్ (రైలు పెట్టెల కర్మాగారం) రైలు మ్యూజియంలో పాత ఆవిరి ఇంజన్లను చేతికందే దూరంలో చూడవచ్చు. యంత్రాల మీద మక్కువ ఉన్నవారికి సగం రోజు ఇట్టే గడిచిపోతుంది. వ్యవధి తక్కువైతే నేను నక్షత్రశాలనే వదులుకుంటాను.

అసలు పరికరం కంటితో చూడకుండా తిరిగిపోవడం ఇష్టం లేనివారు కొడైకెనాల్‌ను కూడా కలుపుకోవాలి. 1850 నాటి ఆరు అంగుళాల లెరెబూర్–సెక్రెతాన్ దూరదర్శిని మద్రాసు నుంచి వెళ్ళి అక్కడే ఉంది. మదురై వైపు వెళ్ళే రాత్రి రైళ్ళలో కొన్ని కొడైకెనాల్ రోడ్‌లో ఆగుతాయి. అక్కడి నుంచి కొండమీదికి బస్సులో సుమారు 80 కిలోమీటర్లు. వారాంతాల్లో కొండ మీద గదుల ధర బాగా పెరుగుతుంది కాబట్టి సోమవారం తరువాత వెళ్ళడం మేలు.