కన్వీనర్ సీటా, ప్రైవేటు యూనివర్సిటీయా? 13 లక్షల తేడా ఎప్పటికి వసూలవుతుంది?

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష తెలంగాణ ఈఏపీసెట్‌లో పాతిక వేల ర్యాంకు వచ్చింది. హైదరాబాద్ శివార్లలో ఓ మోస్తరు కాలేజీలో కన్వీనర్ కోటా (ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే) సీటు రావచ్చు. ర్యాంకు రాకముందే, ఏప్రిల్‌లోనే ఓ ప్రైవేటు యూనివర్సిటీ నుంచి ఫోన్: కంప్యూటర్ సైన్స్ (సీఎస్ఈ) సీటు ఖాయం, వారంలోగా అడ్వాన్సు కట్టండి. క్యాంపస్, ఏసీ హాస్టల్, చుట్టాల్లో పరువు పక్కన పెట్టి డబ్బు లెక్క ఒక్కటే చూద్దాం.

కన్వీనర్ సీటు ఫీజును నియంత్రణ కమిటీ మూడేళ్లకోసారి ఖరారు చేస్తుంది. 2022-25 బ్లాకులో అది కాలేజీని బట్టి 45 వేల నుంచి లక్షన్నర పైదాకా ఉండేది. లక్ష ఫీజున్న కాలేజీకి ఇంటి నుంచే వెళ్లొస్తే నాలుగేళ్లకు ఫీజు 4 లక్షలు, బస్సు, పరీక్ష ఫీజులు, ల్యాప్‌టాప్ కలిపి మరో 2 లక్షలు వేసుకోండి. బీసీ, ఈబీసీ కుటుంబం ఆదాయం పల్లెలో 1.5 లక్షలు, పట్నంలో 2 లక్షలు దాటకపోతే రీయింబర్స్‌మెంట్ (సర్కారే ఫీజు కట్టడం) ఉంటుంది. ర్యాంకు 10 వేల లోపైతే ఫీజంతా వస్తుంది, దాటితే ఏడాదికి 35 వేలు. కానీ సర్కారు బకాయి పెడితే, చివర్లో సర్టిఫికెట్ల కోసం ఆ సొమ్ము విద్యార్థి చేతే కట్టించుకునే కాలేజీలున్నాయి. కాబట్టి నాలుగేళ్లకు ఆ 1.4 లక్షలు వస్తాయి అనుకోండి గానీ, రాకపోయినా కట్టగలిగే సీటే తీసుకోండి. కాలేజీయే నింపుకునే మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఈ ఊసే లేదు.

ఇప్పుడు రెండో దారి. ఏడాదికి ట్యూషన్ 3 లక్షలు, హాస్టల్, మెస్ 1.5 లక్షలు అనుకుందాం. ఏటా 5 శాతం పెరిగితే నాలుగేళ్లకు 19.4 లక్షలు. మొదటిదానితో తేడా 13 లక్షల పైమాటే. స్కాలర్‌షిప్ ఇస్తామన్నారని మురిసిపోయే ముందు, అది రెండో ఏడాదీ ఉండాలంటే ఎంత సీజీపీఏ (సగటు గ్రేడు) రావాలో రాతపూర్వకంగా అడగండి. మొదటి సెమిస్టర్ మ్యాథ్స్‌లో దెబ్బతిని స్కాలర్‌షిప్ పోగొట్టుకునేవాళ్లు తక్కువేం కాదు.

అసలు ప్రశ్న సంపాదన. హోర్డింగు మీద ఉండేది ఒకే ఒక్కడి ప్యాకేజీ. అందులో జాయినింగ్ బోనస్, నాలుగేళ్లలో విడతలుగా వచ్చే షేర్లు కూడా కలిపేస్తారు. 'ఇన్ని ఆఫర్లు' అన్నప్పుడు ఒక్కడికే మూడొస్తే మూడుగా లెక్కగడతారు. దాన్ని వదిలేసి, కాలేజీలకు కేంద్రం ర్యాంకులిచ్చే ఎన్ఐఆర్ఎఫ్ వెబ్‌సైట్ తెరవండి. ర్యాంకింగ్‌కు దరఖాస్తు చేసిన ప్రతి సంస్థా ఇచ్చిన వివరాలు పీడీఎఫ్‌గా ఉంటాయి. నాలుగేళ్ల డిగ్రీ (యూజీ) పట్టికలో ఎందరు చేరారు, గడువులో ఎందరు పాసయ్యారు, ఎందరికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ జీతం ఎంత, పైచదువులకు ఎందరు వెళ్లారు అన్నీ కనిపిస్తాయి.

చదవాల్సిన పద్ధతి ఇదీ. 1,200 మంది చేరారు, 1,000 మంది పాసయ్యారు, 600 మందికి ఉద్యోగం, మీడియన్ 5 లక్షలు అని ఉందనుకోండి. మీడియన్ అంటే జీతాలను వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో ఉన్నది, అదీ ఉద్యోగం వచ్చినవాళ్లలోనే. అంటే 5 లక్షలు, ఆపైన వచ్చింది 300 మందికి. చేరినవాళ్లలో నలుగురికి ఒకరు! పైచదువులకు వెళ్లినవాళ్లను తీసేసినా బొమ్మ పెద్దగా మారదు. కన్వీనర్ సీటు వచ్చే కాలేజీ పీడీఎఫ్ కూడా తెరిచి రెండూ పక్కపక్కన పెట్టండి. అన్ని బ్రాంచిలకూ కలిపి ఒకే అంకె ఇస్తారు కాబట్టి, సివిల్‌లో చేరేవాళ్లు దాన్ని తమ అంకె అనుకోకూడదు.

ఇంకో మాట. కాలేజీ నుంచి కొత్తగా చేరేవాళ్లకు ఏడాదికి టీసీఎస్ నింజా ఉద్యోగంలో 3.36 లక్షలు, ఇన్ఫోసిస్ సిస్టమ్ ఇంజినీర్‌కు 3.6 లక్షలు. 19 లక్షలు పోసి చదివినా, 6 లక్షల్లో చదివినా ఈ ఉద్యోగానికి అదే జీతం. పీఎఫ్ వగైరా పోగా చేతికొచ్చేది నెలకు పాతిక వేల లోపే.

దీనికి అప్పు తగిలిస్తే ఏమవుతుందో చూడండి. ఏడాదికి 2.5 లక్షల చొప్పున 10 లక్షల ఎడ్యుకేషన్ లోన్, వడ్డీ 10.5 శాతం. చదువు, ఆ తర్వాత ఒక ఏడాది మారటోరియం, అంటే వాయిదాలు కట్టక్కర్లేని గడువు. ఆ అయిదేళ్లలో బారువడ్డీయే 3.67 లక్షలవుతుంది. వాయిదాలు మొదలయ్యేనాటికి అసలు 13.67 లక్షలు. పదేళ్ల గడువుకు ఈఎంఐ దాదాపు 18,450. పాతిక వేల జీతంలో ఇది కడితే మిగిలేది పేయింగ్ గెస్ట్ హాస్టల్‌కే చాలదు. గడువు పదిహేనేళ్లకు పెంచితే ఈఎంఐ 15,100కు దిగుతుంది గానీ మొత్తం కట్టేది 27 లక్షలు దాటుతుంది. చదివే రోజుల్లోనే వడ్డీ కడుతూ పోతే (మొదటి ఏడాది నెలకు సుమారు 2,200, నాలుగో ఏడాది 8,750) ఈఎంఐ 13,500 దగ్గర ఆగుతుంది. ఈఎంఐ చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటకూడదనుకుంటే, 18,450 కట్టడానికి నెలకు 55 వేలు చేతికి రావాలి. ఆ యూనివర్సిటీ మీడియన్ అంత ఇస్తుందా?

అప్పు లేకుండా సొంత డబ్బే పెట్టినా, రెండు చోట్ల జీతాల తేడా చేతికి ఏడాదికి లక్షన్నర అయితే 13 లక్షలు రావడానికి తొమ్మిదేళ్లు పడుతుంది. అంతకాలం ఆ తేడా అలాగే ఉండదు. మూడేళ్లు గడిచాక కొత్త కంపెనీవాళ్లు అడిగేది పని గురించే, కాలేజీ గురించి కాదు. తేడా నాలుగు లక్షలుంటే మాత్రం మాట వేరు. బిట్స్ హైదరాబాద్, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ లాంటివి ఈ లెక్కలోకి రావు, అక్కడికొచ్చే కంపెనీలే వేరు. అలాంటిచోట మెరిట్ సీటు వస్తే అప్పు చేసైనా చేరొచ్చు. 2024 నవంబరులో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద ఎంపికైన సంస్థల్లో చేరేవాళ్లకు తాకట్టు, పూచీ లేకుండా లోన్ ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల లోన్ దాకా మారటోరియం కాలంలో వడ్డీ రేటులో 3 శాతం (10.5 అయితే అందులో 3) కేంద్రం భరిస్తుంది. మీరు చేరే సంస్థ ఆ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి.

ఇక ఆ ఏప్రిల్ అడ్వాన్సు. కన్వీనర్ కౌన్సెలింగ్ పూర్తయ్యేసరికి ఆగస్టు వస్తుంది. యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ 2018 నిబంధన ప్రకారం అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజుల ముందే రద్దు చేసుకుంటే ప్రాసెసింగ్ కింద కొద్దిగా మినహాయించి ఫీజంతా వాపసు ఇవ్వాలి. ఆ తేదీ తర్వాత 15 రోజుల లోపైతే 80 శాతం, 16 నుంచి 30 రోజుల మధ్య 50 శాతం, ఆపైన ఏమీ రాదు. కాబట్టి డబ్బు కట్టే ముందు ఆ 'చివరి తేదీ' ఏదో ఈమెయిల్‌లో రాయించుకోండి. రద్దు కూడా ఫోన్‌లో కాకుండా ఈమెయిల్‌లోనే చెప్పండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం చూపించి వెనక్కి తెచ్చుకోవాలి, వదిలి రాకూడదు.