బొగ్గు పొగ, బండి పొగ: ఏది మొండిది?

రెండూ పొగే కదా అని ఒకే గాటన కట్టేస్తాం గానీ, వాటి తీరే వేరు.

బొగ్గులో గంధకం ఉంటుంది, అది కాలితే సల్ఫర్ డయాక్సైడ్ అనే ఘాటైన వాయువు, పైగా మసి. 1952 డిసెంబరులో లండన్‌లో చలికి ఇంటింటా బొగ్గు మండించారు, గాలి కదలక ఆ పొగ ఐదు రోజులు నేలను పట్టుకుని వదల్లేదు, పట్టపగలే దారి కనపడక బస్సుల ముందు కండక్టర్లు దీపం పట్టుకుని నడిచారు. మృతులు 4,000 అని మొదట అన్నారు, తర్వాతి అంచనాలు 12,000 దాకా వెళ్లాయి. ఈ సల్ఫర్ డయాక్సైడ్ దూరాలు కూడా వెళ్తుంది: బ్రిటన్‌లో పుట్టి నార్వే, స్వీడన్ చెరువుల్లో ఆమ్ల వర్షమై చేపల్ని చంపింది.

బండి పొగకి చలి అక్కర్లేదు, ఎండ కావాలి. నైట్రోజన్ ఆక్సైడ్లు, సరిగా కాలని పెట్రోలు ఆవిర్లు ఎండలో ఉడికి, నేల దగ్గర ఊపిరికి చేటు చేసే ఓజోన్ వాయువు అవుతాయి. 1940లలో లాస్ ఏంజెలెస్ జనం కళ్లు మండించింది ఇదే. దీని గుట్టు విప్పిన రసాయన శాస్త్రవేత్త హాగెన్‌స్మిట్ ఒక చిత్రమైన కొలత వాడారు: వంచిన రబ్బరు ముక్క ఎంత త్వరగా పగిలితే ఓజోన్ అంత ఎక్కువ. రబ్బరే పగిలితే ఆకుల సంగతి చెప్పాలా, మచ్చలు పడి పంట తగ్గుతుంది.

నన్నడిగితే బండి పొగే మొండిది. చిమ్నీ ఒకచోట ఉంటుంది, పట్టుకోవచ్చు. బ్రిటన్ 1956లో బొగ్గు పొగను అదుపు చేసే చట్టం తెచ్చింది కూడా. బండ్లు అలా కాదు, ఎన్నని పట్టుకుంటాం? బండి పొగలోని చెడు వాయువుల్ని మార్చేసే కెటలిటిక్ కన్వర్టర్ బాగానే పనిచేస్తుంది, కాకపోతే అది వేడెక్కేదాకా పొగ దాదాపు అలాగే బయటికి పోతుంది, వీధి చివరిదాకా వెళ్లడానికి కారు తీసేవాళ్లకి ఈ సంగతి తట్టదు.