గుండు టైర్లతో మూడేళ్ళు: రోజూ ఆఫీసుకెళ్ళే కారుకి స్లిక్స్ వేసి ట్రాక్ మీద తిప్పితే ఏమైందంటే

టైరు షాపు కుర్రాడు నాలుగింటినీ దొర్లించి చూసి, "సార్, ఇవి పూర్తిగా గుండైపోయాయి, పారేసి కొత్తవి వేసుకోండి" అన్నాడు. లేదు తమ్ముడూ, నిన్ననే 26 వేలు పెట్టి కొన్నానంటే నా వైపు జాలిగా చూసి, లోపలున్న ఓనర్‌ని పిలిచాడు. గాడులుండవు, డిజైనుండదు, నున్నగా బోడిగుండులా ఉండే రేసు టైరే స్లిక్. పైగా నేను కొన్నవి సెకండ్ హ్యాండ్, అంటే ఎవరో రేసు టీమ్ వాళ్ళు రెండు మూడు సెషన్లు వాడి పక్కన పెట్టేసినవి.

కారు పాతదే, టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేరు. అదే కారులో ఆఫీసుకీ వెళ్తాను, కూరగాయలకీ వెళ్తాను. ఏడాదికి మూడు నాలుగుసార్లు హైదరాబాద్ నుంచి చెన్నై దాకా నడుపుకుంటూ పోయి ఇరుంగట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో తిప్పుకొని వస్తాను. 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. ఈ మూడేళ్ళలో స్లిక్స్ మీద తొమ్మిది ట్రాక్ డేలు (మన సొంత కారుని రేసు ట్రాక్ మీద తిప్పుకోనిచ్చే రోజులు) అయ్యాయి, రెండు సెట్లు అరగదీశాను. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే నేను పడ్డ తిప్పలు ఏ కంపెనీ టైరు వేసినా పడాల్సినవే.

ముందు సైజు సంగతి, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మామూలు టైరు మీద 185/60 ఆర్15 అని ఉంటుంది, అందులో 60 అంటే వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో ఆ లెక్క. స్లిక్ మీద 200/580 ఆర్15 అని ఉంటుంది. ఈ 580 శాతం కాదు, టైరు మొత్తం వ్యాసం మిల్లీమీటర్లలో. నా పాత టైరు వ్యాసం లెక్కేస్తే 603 వస్తుంది, అంటే స్లిక్ 23 మి.మీ. చిన్నది, కారు ఓ 11 మి.మీ. కిందికి దిగింది, స్పీడోమీటరు ఇంకో నాలుగు శాతం ఎక్కువ చూపించడం మొదలుపెట్టింది. కారుతో వచ్చిన రిమ్ వెడల్పు 6 అంగుళాలే, అది చాలదు, 7 అంగుళాల రిమ్ములు ఇంకో సెట్ కొన్నాను. ఆ ఖర్చు ఆ 26 వేలలో లేదు. మొదటిసారి స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు లోపలి ప్లాస్టిక్‌కి రాసుకుని గరగరమంది, ఆ రోజంతా ప్లాస్టిక్ కోసుకుంటూ కూర్చున్నాం.

ఇక పట్టు సంగతి. మాటల్లో చెప్పడం కష్టం కానీ ప్రయత్నిస్తాను. మామూలు టైర్ల మీద నా బెస్ట్ ల్యాప్ 2 నిమిషాల 14 సెకన్లు, సెమీ-స్లిక్స్ (కొద్దిగా గాడులుండి రోడ్డు మీద కూడా నడిపే టైర్లు) మీద 2:10, స్లిక్స్ మీద 2:07. ఇంజిన్ అదే, డ్రైవరు అదే, తెలివీ అంతే. ఫోన్‌లో పెట్టుకునే లాగర్ యాప్ మలుపుల్లో పక్కకి తోసే బలం 0.9 జి దగ్గర ఆగిపోయేది కాస్తా 1.2 దాటి చూపించింది. మొదటి రోజు మధ్యాహ్నానికి మెడ ఎడమ పక్క నొప్పెట్టింది, రాత్రి ఝండూబామ్ రాసుకుని పడుకున్నాను. రబ్బరు ఎంత నేలకి తాకితే అంత పట్టు అనే లెక్క ఎంత నిజమంటే, ఫార్ములా వన్ రేసుల్లో మలుపుల దగ్గర కార్ల స్పీడు తగ్గించాలనుకున్నప్పుడు 1998లో స్లిక్స్ తీసేసి గాడుల టైర్లు పెట్టించారు, మళ్ళీ 2009లో గానీ స్లిక్స్ రాలేదు.

కానీ ఆ పట్టు ఊరికే రాదు, వేడెక్కాలి. మొదటి ల్యాపు, ఒక్కోసారి రెండోది కూడా, చల్లటి స్లిక్ అంటే పలక మీద సబ్బుబిళ్ళే. చెన్నై ఎండలో ఇది కొంత నయం, పొద్దున ఎనిమిది సెషన్‌లో మాత్రం నేను భయపడుతూనే బయల్దేరతాను. వేడెక్కే కొద్దీ లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు 22 పీఎస్‌ఐ పెడితే నాలుగు ల్యాపులయ్యాక 28కి చేరుతుంది, నా కారుకి బాగా పట్టు దొరికేది అక్కడే. తెలియక మొదటి రోజు రోడ్డు మీద పెట్టుకున్నట్టే 32 పెట్టి వెళ్ళాను. మూడో ల్యాపుకల్లా బెలూన్ మీద కూర్చున్నట్టుంది, ముందు చక్రాలు ఎటు తిప్పినా కారు ముందుకే పోతోంది. ఇప్పుడైతే సెషన్ అవ్వగానే పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆగే చోటు) వచ్చిన నిమిషంలోనే గేజ్ పెడతాం, ఆలస్యమైతే వేడి దిగిపోయి లెక్క తప్పుతుంది. ఈ పని మా బావమరిదిది. పూందమల్లిలో ఉంటాడు, ట్రాక్‌కి అరగంట దూరం. కారంటే పెద్ద ఇష్టం లేదు గానీ గేజూ నోట్‌బుక్కూ ఇస్తే ఆడిటర్‌లా రాస్తాడు.

నాకు అన్నిటికన్నా నచ్చనిది, ఎవరూ ముందు చెప్పనిది ఒకటుంది: స్లిక్ అరవదు. మామూలు టైరు హద్దు దగ్గరికి రాగానే కీచుమని కూత పెడుతుంది, ఇంకాస్త తొక్కితే ఇంకాస్త గట్టిగా అరుస్తుంది, కొత్తవాడికి అదే గురువు. స్లిక్ నిశ్శబ్దంగా పట్టుకుని, పట్టుకుని, ఒక్కసారిగా వదిలేస్తుంది. రెండో ట్రాక్ డేకి, నవంబర్‌లో, మధ్యాహ్నం నాలుగింటికి చినుకులు పడ్డాయి. వాన కూడా కాదు, అద్దం మీద వైపర్ ఒక్కసారి వేస్తే పోయే తుంపర. పిట్‌కి వచ్చేద్దామని మెల్లగానే నడుపుతున్నాను, మీటరు మీద 60 కూడా లేదు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశానంతే, వెనక భాగం ముందుకొచ్చేసింది. ఒకటిన్నర చుట్టు తిరిగి గడ్డిలో ఆగాను, ఎదురుగా నేను వచ్చిన దారే కనిపిస్తోంది. దెబ్బేం తగల్లేదు. బావమరిది మాత్రం వీడియో తీశాడు, ఇంట్లో ఇప్పటికీ పండక్కి ఓసారి వేస్తారు.

సరే, టైరు పట్టుకుంటుంది. మరి కారులో మిగతావన్నీ ఆ బరువు మోయాలి కదా. అసలు ఖర్చంతా అక్కడే.

ఆ ట్రాక్ గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది, కాబట్టి భారమంతా ఎడమ ముందు టైరు మీద. రోడ్డు కారు మలుపులో ఒరిగినప్పుడు చక్రం కూడా బయటికి వాలి టైరు బయటి అంచు మీదే నిలబడుతుంది. సెషన్ అయ్యాక టైరు వేడి కొలిచే పైరోమీటరు సూది గుచ్చి చూస్తే బయట 98 డిగ్రీలు, మధ్యలో 88, లోపల 71. మొదటి సెట్ లోపలి సగం కొత్తదానిలా ఉండగానే బయటి అంచు తినేసింది, మూడు ట్రాక్ డేలకే పోయింది. ఆ తర్వాత క్యాంబర్ (చక్రం వాలు) సర్దే టాప్ మౌంట్లు వేయించి ముందు చక్రాలు పైభాగం లోపలికి వాలేట్టు రెండున్నర డిగ్రీలు పెట్టించాక 90, 87, 84కి వచ్చింది, రెండో సెట్ ఆరు ట్రాక్ డేలు లాగింది. కాబట్టి స్లిక్స్ కొనే డబ్బులుంటే ముందు వాటితో క్యాంబర్ సర్దించుకోండి, నేను తలకిందులుగా చేశాను.

తర్వాత చక్రం బేరింగ్. నాలుగో ట్రాక్ డే అయ్యాక తిరిగొస్తుంటే నెల్లూరు దాటాక ఎడమ వైపు నుంచి గుయ్యిమని సన్నటి మోత మొదలైంది. కుడికి తిప్పితే పెరుగుతోంది, ఎడమకి తిప్పితే తగ్గుతోంది. రోడ్డు టైర్లు వేసుకునే వస్తున్నాను కాబట్టి టైర్ల మోత కాదు. ఒంగోలు దాకా పాటలు ఆపేసి ఆ మోతే వింటూ వచ్చాను, అద్దంకి రోడ్డెక్కాక 70 దాటించలేదు. ముందు ఎడమ బేరింగ్ పోయింది. ఆ తర్వాత ఏడాదికోసారి అడక్కుండానే మార్పిస్తున్నాను.

ఇంకో రోజు పొడవాటి మలుపు మధ్యలో ఆయిల్ లైటు ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. మలుపులో ఆయిలంతా ఇంజిన్ కింది తొట్టిలో, అంటే సంప్‌లో ఒక పక్కకి పోతే పంపు గాలి పీలుస్తుంది, ఇంకో రెండు సెకన్లు అలాగే ఉంటే ఇంజినే పోవచ్చు. మామూలు టైర్ల మీద ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే అంత గట్టిగా తిరిగేంత పట్టే లేదు. నేను ఆ రోజుకి ఆపేసి, సంప్‌లో అడ్డుపలకలు వేయించాకే మళ్ళీ వెళ్ళాను. పెట్రోలు కూడా పావు ట్యాంకుకి వస్తే ఇదే గోల, సగం కిందికి రానివ్వను. బ్రేకుల గురించి అందరికీ తెలిసిందే: మంచి డాట్ 4 ఫ్లూయిడ్, ప్రతి రెండు ట్రాక్ డేలకి మార్పు.

సెకండ్ హ్యాండ్ స్లిక్ కొనేవాళ్ళకి ఒక మాట. పైన సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలుంటాయి, వాటి లోతే అరుగుదల లెక్క. కానీ గుంట లోతుగా ఉందని మురిసిపోకండి. స్లిక్ అరిగి చావడం కన్నా గట్టిపడి చావడం ఎక్కువ. ఒక్కోసారి వేడెక్కి చల్లారినప్పుడల్లా రబ్బరు కొంత బిగుసుకుంటుంది. రబ్బరు మెత్తదనం చూసే గేజ్ ఒకటి కొనుక్కోండి. అంకె పెరిగితే గట్టిపడినట్టు: నా మొదటి సెట్ కొన్నప్పుడు 52 చూపించింది, చివర్లో 66. లోపలి వైపు చూస్తే ఇంకా బోలెడు రబ్బరుంది, ట్రాక్ మీద మాత్రం చెక్కబండి.

సెషన్ అయ్యాక టైరు మీద చెయ్యి పెడితే ఎండలో కరిగిన తారులా అంటుకుంటుంది. అదే వేడితో నెమ్మదిగా పార్కింగ్‌లోకి వస్తుంటే దారిలో గులకరాళ్ళు, ఇతరుల టైర్ల నుంచి రాలిన రబ్బరు ముక్కలు, ఒకసారి బీడీ ముక్క కూడా, అన్నీ ఏరుకుని చక్రం పైన మడ్‌గార్డు లోపల పటపటా కొడుతుంది. ఆ అంటుకున్న రబ్బరు తీయకపోతే తర్వాతి సెషన్‌లో స్టీరింగ్ వణుకుతుంది. హాట్ ఎయిర్ గన్‌తో వేడి చేసి పుట్టీ గీసే బ్లేడుతో గీకాలి, టైరుకి ఇరవై నిమిషాలు. అందరూ బిర్యానీ తింటుంటే నేను గీకుతూ కూర్చునేవాణ్ణి.

రోడ్డు మీద వేసుకుని రావచ్చా అని అడుగుతారు, దయచేసి వద్దు. మన రూల్స్ ప్రకారం కారు టైరుకి కనీసం 1.6 మి.మీ. గాడి లోతుండాలి, స్లిక్‌కి అసలు గాడే లేదు. రూలు పక్కన పెట్టినా, రోడ్డు మీద అది వేడెక్కదు, నీళ్ళు తోసెయ్యదు.

ఇప్పుడు నేను సెమీ-స్లిక్స్‌కి తిరిగొచ్చేశాను. సెట్ అరవై వేలు దాటింది, ల్యాపుకి మూడు సెకన్లు పోయాయి. కానీ వాటి మీదే హైదరాబాద్ నుంచి వెళ్తాను, వాటి మీదే తిప్పుతాను, వాటి మీదే వస్తాను, హద్దు దగ్గర కూత కూడా పెడతాయి. ట్రెయిలర్ మీద కారు తీసుకెళ్ళేవాళ్ళకీ, టైమింగ్ పోటీలకి దిగేవాళ్ళకీ స్లిక్స్ సరే. డ్రైవింగ్ నేర్చుకుంటున్నవాళ్ళకి మాత్రం ససేమిరా వద్దంటాను. స్లిక్స్ మీద ఆరునెలలు తిప్పి మామూలు టైర్లకి మారిన రోజు, నేను బ్రేకు ఎంత ఆలస్యంగా, ఎంత అడ్డదిడ్డంగా తొక్కుతున్నానో అప్పుడు తెలిసింది. ఆ తప్పులన్నీ టైరు మింగేసింది.

రెండో సెట్ పూందమల్లిలో బావమరిది ఇంటి మేడ మీద నల్ల కవరులో చుట్టి పెట్టాను, ఇంకో రెండు సెషన్లకి పనికొస్తాయి. మొన్న ఏప్రిల్‌లో వెళ్ళి చూస్తే కవరు లేదు, నాలుగూ ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన చాట పెట్టి మా అత్తగారు గుమ్మడి వడియాలు ఎండబెట్టారు. ఎండ తగిలితే రబ్బరు పాడవుతుంది అత్తయ్యా అన్నాను. "గుండైపోయిన టైర్లకి ఇంకా ఏం పాడవుతుంది బాబూ" అన్నారు.