పడక కుర్చీతో పద్నాలుగేళ్లు

మా ఇంట్లో పాత కుర్చీలు మూడున్నాయి. ఒకటి తాతయ్యగారిది, కాకినాడ నుంచి తెచ్చుకున్న టేకు పడక కుర్చీ. రెండోది పాత సామాన్ల దుకాణంలో కొన్న వంపు కర్ర కుర్చీ. మూడోది నేను మోసపోయి కొన్నది, దాని సంగతి చివర్లో నాలుగు ముక్కల్లో తేల్చేస్తాను. మూడింటిలోనూ ఏళ్ల తరబడి కూర్చుని, నడుము నొప్పి తెచ్చుకుని, పోగొట్టుకుని ఇది రాస్తున్నాను.

పడక కుర్చీ అనగానే చాలామందికి గుడ్డది గుర్తొస్తుంది. మడిచి గోడకు ఆనించే చట్రం, రెండు కొసల్లో కర్రలు దూర్చిన చారల గుడ్డ. పెద్దవాళ్లు కూర్చోబోయే ముందు ఆ కర్ర లాగేసి, వీపు విమానం మోత మోగించుకున్న పిల్లలు మా తరంలో ప్రతి వీధిలోనూ ఉండేవారు. నేను చెబుతున్నది అది కాదు. కదలని టేకు చట్రం, పేము అల్లిక, వెనక్కి బాగా వాలిన వీపు, గజానికి మించి ముందుకు చాచిన చేతులు ఉన్న బరువైన కుర్చీ. ఆ చేతుల కింద రెండు రెక్కలు దాగి ఉంటాయి. వాటిని ముందుకు తిప్పితే చేతులు ఇంకో మూరెడు పొడవవుతాయి. వాటి మీద కాళ్లు చాపుకోవాలి.

బ్రిటిష్ పాలనలో, 19వ శతాబ్దంలో, తోటల యజమానుల బంగళా వరండాల్లో ఇది బాగా వాడుకలో ఉండేది. అందుకే ఇంగ్లిషులో దీన్ని ప్లాంటర్స్ చైర్ అంటారు. గుర్రం దిగి వచ్చిన దొర కాళ్లు పైకి పెడితే నౌకరు బూట్లు లాగేవాడని చెబుతారు. మా తాతయ్యగారు ప్లీడరు దగ్గర గుమాస్తా. ఆయనకు బూట్లూ లేవు, నౌకరూ లేడు. కాళ్లు మాత్రం పైకే పెట్టేవారు.

ఈ ఆకారం ఎందుకిలా ఉందో బొమ్మలో చూస్తే తెలియదు, మే నెలలో కూర్చుంటే తెలుస్తుంది. వీపు కిందా తొడల కిందా అల్లికలోని కన్నాలే తప్ప పరుపు లేదు. ఫ్యాను గాలి ఒంటి చుట్టూ తిరుగుతుంది, చొక్కా వీపుకి అతుక్కోదు. కరెంటు పోయిన మధ్యాహ్నం ఇంట్లో సోఫా ఖాళీగా ఉంటుంది, దీని కోసం మాత్రం పోట్లాట జరుగుతుంది.

ఇక లోపాలు. ఇందులోంచి లేవడం ఒక పని. డెబ్బై దాటిన మా అమ్మ ఒకసారి కూర్చుని, ఇద్దరం చెరో చెయ్యీ పట్టుకుంటే గానీ లేవలేకపోయింది, మళ్లీ దాని జోలికి పోలేదు. భోజనం చేస్తే సగం పప్పు చొక్కా మీదే. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పని చేద్దామనుకుంటే పావుగంటలో మెడ పట్టేస్తుంది. పేపరు చదవడానికి, కునుకు తీయడానికి, వర్షం చూడడానికి తప్ప ఇది దేనికీ ఒప్పుకోదు.

ఇంకొకటి, పాత పాలిష్. ఇది స్పిరిట్‌లో కరిగించిన లక్కతో వేసింది. వెడల్పాటి చెయ్యి చూసి మురిసిపోయి వేడి కాఫీ గ్లాసు పెట్టాను. తీసేసరికి తెల్లటి సున్న. వేడీ తేమా కలిస్తే లక్క పూత అలా పాలిపోతుందని అప్పటికి నాకు తెలియదు. అదృష్టం కొద్దీ, మళ్లీ స్పిరిట్ తడిపిన గుడ్డతో ఒడుపుగా తుడిస్తే చాలావరకు పోయింది. లక్క పూతలోని మంచి గుణం అదే, మళ్లీ కరుగుతుంది, మళ్లీ కలుస్తుంది.

అసలు దెబ్బ పేముకి తగిలింది. కాకినాడ ఉప్పు గాలిలో అరవై ఏళ్లు సుఖంగా ఉన్న కుర్చీ, హైదరాబాద్ వచ్చి ఏసీ గదిలో రెండేళ్లు గడిపాక ఒక మధ్యాహ్నం నా తొడ కింద టప్‌మంది. ముందు అంచు దగ్గర నాలుగు పేళ్లు తెగాయి. వారం తిరిగేసరికి అరచేయంత కన్నం. పేము అంటే చెట్లకు పాకే ఒక రకం తాళజాతి తీగ. దాని పైతోలును సన్నగా చీల్చి అల్లుతారు. తేమ ఉన్నంత కాలం సాగుతుంది, ఎండితే పెళుసెక్కుతుంది.

అల్లేవారి కోసం నెల రోజులు వెతికాను. చివరికి దొరికిన పెద్దాయనకు చూపు లేదు. చిన్నప్పుడు అంధుల పాఠశాలలో కుర్చీల అల్లిక నేర్చుకున్నారట. మన దేశంలో అలాంటి బడుల్లో ఈ పని నేర్పడం చాలాకాలంగా ఉంది. ఆయన వచ్చి, కుర్చీ మీద చెయ్యి వేసి, మొదట అడిగింది: “బాబూ, దీనికి నీళ్లు పట్టలేదా?” నీళ్లు పట్టడమంటే నేను మొక్కల గురించి తప్ప ఆలోచించలేదు.

పాత పేము కోసేసి, ఇనుప పుల్లతో ఒక్కో రంధ్రం తోడారు. నానబెట్టిన పేళ్లను నిలువుగా రెండు వరసలు, అడ్డంగా రెండు వరసలు వేసి, ఆ తర్వాత ఐమూలగా అటొకటి, ఇటొకటి దూర్చారు. మొత్తం ఆరు వరసలు పడ్డాక గానీ ఆ ఎనిమిది మూలల కన్నాలు తేలవు. రెండో రోజు ముందు పట్టీని వేలితో తడుముతూ ఆగిపోయారు. “ఇది వేరే చెక్క. మిగతా మూడు వైపులా రంధ్రాలు సమంగా ఉన్నాయి, ఇక్కడ ఎడం మారుతోంది” అన్నారు. కింద నుంచి టార్చి వేసి చూశాను. నిజమే, ముందు పట్టీ టేకు కాదు. రంగు కలిపి పాలిష్ వేయడంతో ఇన్నేళ్లూ మా కళ్లు దాన్ని పట్టుకోలేదు. ఎవరు మార్పించారో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

పని మూడు రోజులు, ఖర్చు 2,800 రూపాయలు. నైలాన్ వైరుతో అయితే సగానికే అవుతుందని ఇంకో దుకాణంవాళ్లు చెప్పారు. ఆఫీసు కుర్చీల్లో చూసిందే. గట్టిగానే ఉంటుంది, కానీ ఎండాకాలం తొడలకు అతుక్కుంటుంది. అలాంటప్పుడు ఈ కుర్చీ ఉండి ఏం లాభం? ఇప్పుడు నెలకోసారి కుర్చీ బోర్లించి, కింది వైపు నుంచి తడిగుడ్డతో అద్దుతాను. పైవైపు పేము నున్నగా ఉండి నీళ్లు పట్టదు, అడుగువైపే పీల్చుకుంటుంది. రాత్రంతా ఎవరూ కూర్చోకుండా ఆరనిస్తే, కుంగిన అల్లిక తెల్లారేసరికి బిగుసుకుంటుంది. పన్నెండేళ్లుగా మళ్లీ తెగలేదు.

రెండోదాని కథ వేరు. 1859లో వియన్నాలో మిఖాయెల్ థోనెట్ సంస్థ తెచ్చిన 14వ నంబరు కుర్చీ తరహా అది. గుండ్రటి పేము కూర్చొనే చోటు, వీపు వెనక రెండు వంపులు. బీచ్ అనే యూరప్ చెట్టు కర్రను ఆవిరిలో మెత్తబరిచి, వంపుకి బయటివైపు ఇనుప పట్టీ బిగించి వంచుతారు, లేకపోతే బయటి నారలు చిట్లిపోతాయి. అసలు కుర్చీకి ఆరు కర్ర ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు. విప్పి సర్దితే ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. 1869లో థోనెట్ పేటెంటు హక్కు పోగానే ఎందరో ఇదే పని మొదలుపెట్టారు. నా కుర్చీ అడుగున ముద్ర గానీ కాగితం గానీ లేదు, అందుకే అసలుదని నేను చెప్పుకోను. ముంబై ఇరానీ కేఫ్‌లో కూర్చున్నవాళ్లకి ఈ రకం పరిచయమే.

పడక కుర్చీని ఇద్దరం మోస్తాం, దీన్ని మా అమ్మాయి ఒంటిచేత్తో ఎత్తుకుపోతుంది. తొమ్మిదేళ్లుగా నా రాత బల్ల దగ్గర ఇదే. ఆరు నెలలకోసారి స్క్రూలు బిగించాలి, బద్ధకించానో కిర్రుకిర్రు మొదలు. గంట దాటితే వీపు వంపు ఎముకకు తగులుతుంది, లేచి నాలుగడుగులు వేస్తాను. ఒక్క కుర్చీయే కొనగలిగిన వాళ్లు అడిగితే, తాతయ్యగారు క్షమించాలి, నేను చూపించేది దీన్నే.

మూడోది చెక్కుడు పనితో, పిల్లి కాలులా వంగిన కాళ్లతో, ‘విక్టోరియా కాలంనాటి రోజ్‌వుడ్’ అని చెప్పి అంటగట్టారు. ఇంటికొచ్చి తిప్పి చూస్తే కూసాలే, అంటే ఒక చెక్క కొసను ఇంకో చెక్క తొర్రలో దూర్చే అతుకులే, లేవు, అన్నీ ప్లస్ గుర్తు స్క్రూలు. ఆ రకం స్క్రూ మార్కెట్లోకి వచ్చిందే 1930లలో. తర్వాత మరమ్మతు చేశారేమో అనుకుందామంటే ఒక్క పాత రంధ్రమైనా కనబడదు. రెండో ఏడే వెనక కాలు వదులైంది. ఇప్పుడు దాని మీద ఇస్త్రీ బట్టలు ఉంటున్నాయి. కొనే ముందు కుర్చీని తలకిందులు చేయనివ్వని దుకాణంలో నేనిప్పుడు బేరమాడను.

పడక కుర్చీకి కూసాలు ఇంకా కదల్లేదు. కుడి రెక్క మాత్రం తిప్పినప్పుడల్లా కీచుమంటుంది. కొవ్వొత్తి రుద్దితే ఒక నెల ఊరుకుంటుంది, తర్వాత మళ్లీ మామూలే.