పాటల పెట్టె కోసం పడవ ప్రయాణాలు: పాపికొండలు, దిండి, అలెప్పీ

మా తమ్ముడు కోనసీమలోని దిండిలో 12 మంది కూర్చునే ఫైబర్ పడవ కొన్నాడు. పైన కప్పు, చుట్టూ ఖాళీ, వెనక ఔట్‌బోర్డ్ ఇంజను. లైసెన్సు, లైఫ్ జాకెట్లు, కుర్చీలు అన్నీ అమరాక "పాటలకు ఏం పెడదాం అన్నయ్యా?" అన్న ప్రశ్న మిగిలింది. కార్లకు స్టీరియోలు బిగించే కుర్రాడొకడు వెయ్యి వాట్ల దగ్గర మొదలుపెట్టి, సబ్ వూఫరు లేకపోతే పర్యాటకులు పడవే ఎక్కరని తేల్చేశాడు. నాకా మాట మింగుడుపడలేదు. డబ్బు పెట్టేముందు ఇప్పటికే నీళ్ళ మీద తిరుగుతున్న పడవలెక్కి, ఏ పెట్టె ఎక్కడ పెట్టారో, అది ఎవరికి ఎలా వినిపిస్తోందో చూసి వద్దామన్నాను. ఎలాగూ తిరిగాం కాబట్టి బసలు, భోజనాలు, బోట్ల సంగతీ కలిపే రాస్తున్నాను.

పాపికొండలకు వెళ్ళాలంటే ముందురోజు రాత్రికే రాజమండ్రి చేరుకోవడం మేలు. ప్యాకేజీ బస్సులు పొద్దున్నే బయల్దేరి గండి పోచమ్మ గుడి దగ్గరి రేవులో దింపుతాయి. ఊళ్ళో గదులకు కొదవలేదు. గోదావరి గట్టు వైపు తీసుకుంటే సాయంత్రం పుష్కరఘాట్ దాకా నడిచి రావచ్చు. నిద్ర ముఖ్యమనుకునేవారు లోపలి వీధుల్లో చూసుకోవాలి, వంతెనల మీద రైళ్ళ మోత రాత్రంతా ఉంటుంది. వరదల కాలంలో బోట్లు ఆపేస్తారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అయితే నదీ బాగుంటుంది, ఎండా బాధించదు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిన తర్వాత ఈ దారిలో తనిఖీలు గట్టిపడ్డాయి. రేవులో మనుషుల్ని లెక్కపెట్టుకున్నాకే బోటును కదలనిచ్చారు. ఒకాయన లైఫ్ జాకెట్టు విప్పితే సిబ్బంది వచ్చి మళ్ళీ కట్టించారు. ఈ విషయంలో వంక పెట్టడానికి లేదు. వంకంతా మైకుతోనే. పై డెక్కు ముందుభాగంలో నడుమెత్తు స్పీకర్ పెట్టెలు రెండున్నాయి. సరిగ్గా వాటికి ఎదురుగా నిలబడి యాంకరు మైకు పట్టుకున్నాడు. స్పీకర్లో వచ్చిన గొంతు మళ్ళీ మైకులోకి దూరి కీచుమంటుంది. జాగ్రత్తలు చెప్పినంతసేపూ ఆ కీచే. మొదటి వరుసలో ఓ పెద్దావిడ చెంగుతో చెవులు మూసుకుంటే, చివరి వరుసలో ఉన్న మేము "ఏమంటున్నాడు?" అని పక్కవాళ్ళను అడుగుతూ కూర్చున్నాం.

ఇందులో యాంకరు గొంతును తప్పుపట్టి లాభం లేదు. గోడలు లేని చోట దూరం రెట్టింపయిన ప్రతిసారీ ధ్వని 6 డెసిబెల్స్ పడిపోతుంది. స్పీకరుకు ఒక మీటరు దూరంలో ఉన్న మనిషికీ 8 మీటర్ల దూరంలో ఉన్న మనిషికీ మధ్య తేడా 18 డెసిబెల్స్. ప్రతి 3 డెసిబెల్స్‌కూ వాట్లు రెట్టింపు కావాలి. అంటే, వెనక కూర్చున్నవారి పక్కనే చిన్న స్పీకరు పెడితే ఒక్క వాటుతో అయ్యే పని, ముందునుంచి చేయాలంటే 60 వాట్ల పైచిలుకు అడుగుతుంది. ఆ 60 వాట్లూ ముందుగా పెద్దావిడ చెవిలోనే పడతాయి. వెయ్యి వాట్ల మాట మా జాబితాలోంచి అక్కడే ఎగిరిపోయింది.

భోజనం గురించి చెప్పాలంటే, పొద్దుటి టిఫినూ మధ్యాహ్నం శాకాహార భోజనమూ రెండూ బాగున్నాయి, వడ్డించినవాళ్ళు ఓపికమంతులు. పేరంటపల్లిలో ఇంజను ఆపి శివాలయానికి పంపించారు. ఆ కాస్తసేపే చుట్టూ ఉన్న అడవి వినిపించింది. నది ఇరుకయ్యే చోట పాట కొండకు తగిలి తిరిగొచ్చి, అప్పటికే నడుస్తున్న చరణం మీద పడుతుంటే రెండూ అర్థం కాలేదు. ఈ కొండల్ని 2008లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. దాని నడుమ నుంచి పోతూ ఇంత హోరు అవసరమా అని నాలాంటివాళ్ళు అడిగితే, డ్యాన్సు చేస్తున్న కాలేజీ పిల్లలు ఒప్పుకోరు. టికెట్టు వాళ్ళూ కొన్నారు మరి.

తిరుగు ప్రయాణంలో సరంగు దగ్గర కాసేపు నిలబడ్డాం. తమ్ముడు తన పడవ సంగతి చెప్పి సలహా అడిగితే ఆయన నవ్వాడు. "ఏదైనా పెట్టుకోండి బాబూ, ఇంజను శబ్దం మాత్రం నడిపేవాడికి వినపడాలి. పంకాకు వల చుట్టుకున్నా, ఇంజను చల్లబడటానికి నీళ్ళు లాగడం మానేసినా కంటికన్నా ముందు చెవికే తెలుస్తుందండీ" అన్నాడు. ఆ తర్వాత ఎక్కిన ప్రతి పడవనూ నేను ఈ మాటతోనే కొలిచాను.

దిండిలో మాకు బస వెతుక్కునే పని లేదు, తమ్ముడి ఇల్లుంది. కొత్తగా వచ్చేవారికి రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ వారి కోకోనట్ కంట్రీ రిసార్టు వశిష్ఠ గోదావరి ఒడ్డునే ఉంది. హౌస్ బోటులో రాత్రి గడపడం కన్నా ఒడ్డున గది తీసుకుని, సాయంత్రం గంటో రెండు గంటలో చిన్న పడవలో తిరగడమే నయమని నా అభిప్రాయం. మర్నాడు సఖినేటిపల్లి వెళ్ళి పంటు మీద నరసాపురం దాటి రండి. ఖర్చు తక్కువ. స్కూటర్లు, కొబ్బరి గెలలు, పెళ్ళివారితో కలిసి నది దాటడం ఏ ప్యాకేజీలోనూ దొరకదు.

స్పీకర్ల విషయంలో దిండి మాకు నేర్పింది ఒడ్డు మీదే. మరమ్మతుకు లాగిన ఒక పడవ యజమాని, పనిచేయని స్పీకరును మా ముందే విప్పించాడు. జాలీ తీయబోతే నాలుగు మరల్లో రెండింటి తలలు ఊడి చేతిలోకి వచ్చాయి. కాగితపు కోను ఉబ్బిపోయి ఉంది. దాని అంచున ఉన్న ఫోమ్ వేలు తగలగానే పొడిగా రాలింది. మెకానిక్కు వైరు మీది ప్లాస్టిక్కును బ్లేడుతో ఒలిచాడు. లోపలి రాగి నల్లబడింది, అక్కడక్కడా పచ్చటి చిలుము. ఇంకో జానెడు ఒలిచాడు, అదే నలుపు. "పైకి కొత్త వైరులాగే ఉందండీ. ఉప్పుగాలి కొసలోంచి దూరి లోపల్లోపలే పాకేసింది" అన్నాడు.

అంతర్వేది దగ్గర ఈ పాయ సముద్రంలో కలుస్తుంది. పోటుకు ఉప్పునీరు పైకి ఎగదన్నే చోట కారు స్పీకర్లు ఎన్నాళ్ళు బతుకుతాయి? పడవల కోసమని 'మెరైన్' పేరుతో అమ్మేవాటిలో పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కు కోను, రబ్బరు అంచు, స్టెయిన్‌లెస్ స్టీలు మరలు ఉంటాయి, ఎండకు పెళుసెక్కని ప్లాస్టిక్కు వాడతారు. వైరు కూడా తగరం పూత పూసిన రాగిదే కావాలి. డబ్బా మీద ఐపీ 67 అని ఉందని సంబరపడటానికి లేదు. మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉంచినా లోపలికి దిగదని దానర్థం, ఆ పరీక్ష మంచినీళ్ళతో చేస్తారు. ఉప్పు తట్టుకుంటుందా అన్నది సాల్ట్ ఫాగ్ పరీక్షలో తేలుతుంది, అందులో ఉప్పునీటి తుంపర పడుతూ ఉండేలా పెడతారు. కొనేటప్పుడు ఆ ముక్క అడిగితే దుకాణాల్లో సగం మంది మన ముఖం చూస్తారు.

రాజమండ్రి నుంచి కేరళలోని అలెప్పీకి ధన్‌బాద్ నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్ ఉంది, మనవాళ్ళ నోట ఇప్పటికీ అది పాత పేరుతో బొకారోయే. మాలలు వేసుకునే కాలంలో అయ్యప్ప స్వాములతో కిక్కిరిసి ఉంటుంది, ముందే రిజర్వు చేసుకోవాలి.

అలెప్పీలో ఒక రాత్రి కాలువ ఒడ్డు హోమ్‌స్టేలో, ఒక రాత్రి హౌస్ బోటులో ఉన్నాం. హోమ్‌స్టేకే నా ఓటు. పొద్దున్నే పుట్టు, కడల కూర పెట్టిన ఇంటావిడ, హౌస్ బోటు డబ్బుతో పోలిస్తే లెక్కలోకి రాని ఛార్జీకి రాష్ట్ర జలరవాణా శాఖ బోట్లు కొట్టాయం దాకా వెళ్తాయని చెప్పింది. అదే నీరు, అవే కొబ్బరిచెట్లు, పక్కన బడికెళ్ళే పిల్లలు. హౌస్ బోటులో మూడుపూటలా భోజనం, కరిమీన్ చేప వేపుడు బాగున్నాయి. కానీ సాయంత్రం ఐదున్నరకల్లా లంగరు వేసేస్తారు, రాత్రి జాలర్లు వలలు వేసుకోవాలి కాబట్టి. ఏసీ చాలా పడవల్లో రాత్రి 9 తర్వాతే వేస్తారు. ఈ రెండూ ముందే అడిగి తెలుసుకోకపోతే అక్కడికెళ్ళాక అలగడం తప్ప చేసేదేమీ ఉండదు.

మా దురదృష్టం, కాస్త దూరంలో ఒక పెద్ద హౌస్ బోటు ఆగింది, అందులో ఏదో కంపెనీవాళ్ళ విందు. అంత దూరం నుంచి పాటలోని ప్రతి మాటా మా మంచం మీదికి వచ్చింది. చీకటిపడే వేళ నీటి మీది గాలి చల్లబడి, పైగాలి వెచ్చగా ఉంటే, పైకి పోవలసిన ధ్వని కిందికి వంగి నీటి వెంబడే చాలా దూరం పోతుంది. పగలు వంద గజాల్లో అణిగిపోయే పాట రాత్రి అవతలి గట్టు మీద నిద్రపోతున్నవారిని లేపుతుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్ స్పీకర్లు వాడరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. మా పడవ సిబ్బంది ఫోను చేస్తే పదింటికి నిజంగానే ఆపారు.

మాకు కావలసిన పడవ మర్నాడు దొరికింది. గంటల లెక్కన అద్దెకిచ్చే షికారా అనే చిన్న పడవ, మా దానంతే ఉంటుంది. సన్నటి కాలువల్లోకి హౌస్ బోట్లు దూరలేవు, ఇది దూరుతుంది. అలెప్పీలో డబ్బుకు తగ్గ సుఖం షికారాదే. కప్పు కింద దూలాలకు నాలుగు చిన్న పెట్టె స్పీకర్లు, మూతి కాస్త కిందికి వంచి, ఒక్కొక్కటి మూడేసి కుర్చీల వైపు తిప్పి ఉన్నాయి. పాట అందరికీ సమానంగా, మామూలు మాటలకు అడ్డురాని మోతాదులో వినిపించింది. గట్టు మీద బట్టలుతుకుతున్నవాళ్ళు తలెత్తి చూడలేదు. నడిపేవాడి నెత్తిన స్పీకరు లేదు. పెట్టెలోకి వెళ్ళే ప్రతి వైరూ ముందు కిందికి వేలాడి, మళ్ళీ పైకెక్కి లోపలికి పోతోంది. వాన నీరు వైరు వెంట జారి ఆ వంపు దగ్గరే బొట్లుగా రాలిపోతుందట. తమ్ముడు ఫోటోలు తీసుకున్నాడు.

వీలైతే వైకోం కూడా వెళ్ళండి. మహాదేవ ఆలయం చూసుకుని, జెట్టీలో ఆదిత్య ఎక్కండి. 2017లో మొదలైన సౌర విద్యుత్ ఫెర్రీ అది, 75 మందిని అవతలి ఒడ్డునున్న తవణక్కడవుకు దాటిస్తుంది. డీజిల్ ఇంజను లేకపోయేసరికి పక్కవాళ్ళ గుసగుసలు కూడా వినిపిస్తాయి. యాంప్లిఫయర్ ఎంత పెద్దది కావాలన్నది ఇంజను మోతను బట్టి ఉంటుందని అక్కడ బాగా తెలిసింది. స్పీకర్లకు ఖర్చు పెట్టేముందు ఇంజను మూత కింద శబ్దాన్ని మింగే పలకలు వేయించడం చవక.

ఇంటికొచ్చాక తేల్చుకున్నది ఇది. కప్పు కింద నాలుగు మెరైన్ పెట్టె స్పీకర్లు, పడవ గోడకు బెజ్జాలు లేకుండా. ఫ్యూజన్, జేబీఎల్, కెన్‌వుడ్, సోనీ అన్నీ మెరైన్ రకాలు చేస్తాయి. పేరు కన్నా సెన్సిటివిటీ అంకె చూడండి, ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎంత ధ్వని వస్తుందో చెప్పేది అదే. 88 డెసిబెల్స్ ఉన్న స్పీకరు ఇచ్చే ధ్వనిని 91 ఉన్నది సగం వాట్లతోనే ఇస్తుంది. డబ్బా మీది "50 వాట్లు × 4" చూసి మురిసిపోవద్దు, చాలా స్టీరియోల్లో నిలకడగా వచ్చేది ఒక్కో స్పీకరుకు 20 వాట్ల దరిదాపే. ఈ పడవకు అది చాలు. సబ్ వూఫరు మానేశాం. గోడలు లేని పడవలో బేస్ నిలవదు, బ్యాటరీ మాత్రం ఖాళీ అవుతుంది.

జాగ్రత్తలు చెప్పడానికి విడిగా చిన్న హార్న్ స్పీకరు, ఆహూజా యాంప్లిఫయర్. పెళ్ళిపందిరి నుంచి గుడి దాకా మనం వింటూ పెరిగిన పేరే. దాని మోడళ్ళు చాలావరకు 12 వోల్టుల బ్యాటరీ మీదా నడుస్తాయి. హార్న్‌లో పాట బాగుండదు, మాట మాత్రం హోరుగాలిలోనూ స్పష్టంగా వినిపిస్తుంది. మైకు నడిపేవాడి దగ్గర, హార్న్ అతని ముందు ప్రయాణికుల వైపు తిరిగి ఉంటుంది, కాబట్టి కీచు లేదు.

పాటలకు వేరే బ్యాటరీ పెట్టాం. ఇంజను స్టార్టు చేసే బ్యాటరీని పాటలకు వాడితే నది మధ్యలో ఆగిపోవలసి వస్తుంది. 100 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగానికి మించి వాడకూడదు. మామూలు ధ్వనికి 5 ఆంపియర్లనుకున్నా పది గంటలు, అంటే పడవ తిరిగే రోజంతా సరిపోతుంది. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలని తమ్ముడు పట్టుబట్టి బిగించాడు, దూరంగా పెడితే మధ్యలో వైరు రాసుకుపోయినప్పుడు దాన్ని కాపాడేదేమీ ఉండదు.

నలుగురు ఎక్కే చేపల పడవలాంటిదైతే ఇవేవీ అక్కర్లేదు, వండర్‌బూమ్‌లాంటి నీటిలో తేలే బ్లూటూత్ స్పీకరు ఒకటి చాలు. రాత్రికి ఇంటికి తెచ్చి మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి.

మా పడవలో పాట గట్టిగా పెట్టమని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. తమ్ముడు స్టీరియోలోనే గరిష్ఠ ధ్వనికి హద్దు పెట్టి, "ఇంతేనండీ, ఇంకా పెంచాలంటే మిషనే ఒప్పుకోవడం లేదు" అంటున్నాడు. దిండి రావాలనుకుంటే సంక్రాంతి వారం వదిలేయండి. ఆ నాలుగు రోజులూ గదులు దొరకవు, దొరికినా ధరలు రెట్టింపు. జనవరి చివరికొస్తే అదే నది, అదే పడవ, బేరమాడటానికి వీలు కూడా ఉంటుంది.