హనీల్యాండా, ఆల్ దట్ బ్రీత్సా: ఏది ముందు చూడాలి?

పర్యావరణం మీద మంచి డాక్యుమెంటరీ ఒక్కటి చెప్పమంటే నా నోట రెండు పేర్లు వస్తాయి. 2019లో ఉత్తర మాసిడోనియా నుంచి వచ్చిన ‘హనీల్యాండ్’, 2022లో శౌనక్ సేన్ ఢిల్లీలో తీసిన ‘ఆల్ దట్ బ్రీత్స్’. రెండూ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చాయి.

ముదుమలై ఏనుగు పిల్లల చిత్రం ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ గెలిచింది కదా అంటారు. ముద్దుగానే ఉంటుంది. కానీ పెంచిన బొమ్మన్, బెల్లి దంపతుల నుంచి రఘు అనే ఏనుగు పిల్లను వేరొకరికి అప్పగించిన చోట ఆగి అడగవలసిన ప్రశ్నలను అది అడగదు.

హనీల్యాండ్‌లో కరెంటు, రోడ్డు లేని కొండపల్లె. అక్కడ మంచం పట్టిన తల్లితో హతీజె అనే మహిళ ఉంటుంది. తేనె తీసేటప్పుడు తేనెటీగలతో ‘సగం నాకు, సగం మీకు’ అంటుంది. పక్కన ఏడుగురు పిల్లలతో, పశువులతో ఒక సంచార కుటుంబం దిగుతుంది. వాళ్లకు ఈగల పెంపకం నేర్పేది ఆమే. వ్యాపారి ఇంకా కావాలని వెంటపడేసరికి ఇంటిపెద్ద హుస్సేన్ ఈగల వాటా కూడా పిండేస్తాడు. తిండి లేని అతని ఈగలు హతీజె ఈగల మీద పడతాయి. అయినా హుస్సేన్‌ను తిట్టుకోలేం. ఒకవైపు దూడలు చచ్చిపోతున్నాయి, మరోవైపు పిల్లల కడుపు నింపాలి. మూడేళ్లు, 400 గంటలకు పైగా చిత్రీకరించారట. దర్శకులకు ఆమె మాట్లాడే టర్కిష్ రాదు, అందుకే ముందు దృశ్యాలతోనే కథ అల్లుకున్నారు. సబ్‌టైటిల్స్ చదవలేని మా అమ్మకు కూడా అంతా అర్థమైంది.

ఆల్ దట్ బ్రీత్స్ హిందీలో ఉంది, మనకు దగ్గరి భాష. అయినా అదే కొరుకుడు పడదు. నదీమ్, సవూద్ అన్నదమ్ములు ఇంటి నేలమాళిగలో ఒకపక్క ద్రవ సబ్బు డిస్పెన్సర్లు తయారుచేస్తూ, మరోపక్క గాయపడ్డ గద్దలకు కట్లు కడతారు. మాంసం తినే పక్షులని ఆసుపత్రి చేర్చుకోనందుకు మొదలైన పని అది. బయట పౌరసత్వ చట్టం మీద నిరసనల హోరు. ఇక్కడ హుస్సేన్ లాంటి మనిషి కూడా దొరకడు. తప్పు గాలిలో, చెత్తకుప్పలో, వీధిలోని భయంలో కలిసిపోయి ఉంది. కెమెరా ఎలుకల మీదుగా, నీటి మడుగుల మీదుగా నింపాదిగా పాకుతుంది. నలుగురితో కూర్చుని చూస్తే పది నిమిషాలకే ఫోన్లు బయటికొస్తాయి. నాకైతే రెండోసారి చూసినప్పుడే పట్టుబడింది.

కాబట్టి ఇంటిల్లిపాదీ చూడాలంటే హనీల్యాండ్‌దే ముందు వరుస. రెండోది ఒంటరిగా, తీరిగ్గా, వీలైతే సంక్రాంతి వెళ్లిన వారంలో చూడండి. ఢిల్లీలో గద్దల రెక్కలు కోసే మాంజా ముక్కలు అప్పటికి మన వీధి తీగల మీద కూడా వేలాడుతూ ఉంటాయి.