పంపు పెంచాక రెండేళ్లు నడిపాను, ఇబ్బందంతా స్లో దగ్గరే

నా బండి టాటా 2515, పది టైర్ల లారీ. కమ్మిన్స్ 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, సిలిండర్లకి డీజిల్ కొట్టే ఇన్‌లైన్ పంపు, దాని వెనక ఆర్‌ఎస్‌వి రకం గవర్నర్, అంటే ఇంజన్ స్పీడుని బట్టి డీజిల్ పెంచి తగ్గించేది. పంపు మీద బాష్ అని ఉన్నా మా దగ్గర ఇప్పటికీ మైకో పంపు అనే అంటారు, కంపెనీ పేరు మారింది 2008లోనే అయినా సరే. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎక్కించుకుని వినుకొండ, గిద్దలూరు మీదుగా నల్లమల దాటి అనంతపురం వైపు పోతాను. టిక్కీలు చూడటానికి కొండలా ఉంటాయి గానీ బండికి పెద్ద బరువు కాదు. తిరుగులో తాడిపత్రి సిమెంటు పడిందంటేనే ఘాట్‌లో ప్రాణం పోయేది, రెండో గేరులో నడిచే మనిషితో పోటీ.

అందుకని రెండేళ్ల కిందట విజయవాడ ఆటోనగర్‌లో పంపు విప్పించాను. పంపులో డీజిల్‌ని ఒత్తే ఎలిమెంట్లు అరిగిపోయాయని ఆరూ మార్చారు, పైపుల్లోకి డీజిల్ వదిలే డెలివరీ వాల్వులు మార్చారు, గవర్నర్ స్ప్రింగు కాస్త గట్టిది వేశారు, ఫుల్ లోడ్ మీద పోయే డీజిల్ కొంచెం పెంచారు. లాగుడు సంగతి ముందే చెప్పేస్తాను, బాగుంది. రెండో గేరులో ఎక్కిన చోట ఇప్పుడు మూడులో ఎక్కుతోంది. బాధంతా పెడల్ మీద నుంచి కాలు తీశాకే, అంటే స్లోలో (ఐడిల్‌లో).

పంపు బిగించిన రోజే కాజ టోల్‌గేటు క్యూలో బండి రెండుసార్లు ఆగిపోయింది. క్లచ్ తొక్కి న్యూట్రల్ చేస్తే ఇంజన్ దిగి, దిగి, ఒక్క దగ్గు దగ్గి పడుకునేది. వెనక హారన్లు, నాకు చెమటలు. మర్నాడు వెనక్కి తీసుకెళ్తే మేస్త్రి "స్లో కొంచెం పెంచితే సరిపోద్దన్నా" అని ఐడిల్ స్క్రూ అర చుట్టు తిప్పి పంపించాడు. ఆగిపోవడం తగ్గింది, నిజమే. కానీ ఇంజన్ 900 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) మీద కూర్చుంది. నిలబడి ఫస్ట్ గేరు వేస్తే గరగరమనేది, యార్డు బయట లైన్లో గంటలు గంటలు నిలబడితే డీజిల్ ఊరికే కాలేది. తగ్గిద్దామని స్క్రూ వెనక్కి తిప్పితే ఊగడం మొదలు. 600, 800, మళ్లీ 600, ఊపిరి తీసుకుంటున్నట్టు. అద్దాలు వణికేవి, క్యాబిన్లో పడుకున్న క్లీనర్ కుర్రాడు లేచి కూర్చునేవాడు.

ఈ ఊగుడు ఎందుకో అర్థం కావడానికి నాకు మూడు నెలలు పట్టింది. స్పీడు కాస్త పడగానే గవర్నర్ రాక్‌ని (డీజిల్ కొలత మార్చే కడ్డీని) జరిపి డీజిల్ పెంచుతుంది, అవసరానికి మించి పెంచేస్తే ఇంజన్ ఎగురుతుంది, అప్పుడు కోసేస్తుంది, మళ్లీ పడుతుంది. దీన్ని ఆపడానికే ఆర్‌ఎస్‌విలో ఇంకో చిన్న స్ప్రింగు, దానికో స్క్రూ ఉంటాయి, బంపర్ స్ప్రింగు అంటారు. నా బండి మీద దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అందరి చెయ్యీ ఐడిల్ స్క్రూ మీదికే పోతుంది, పైకి కనిపించేది అదే కదా.

ఇప్పుడు నేను చేసే పద్ధతి చెప్తాను. ముందు బండి పది, పదిహేను కిలోమీటర్లు నడిపి ఇంజన్ బాగా వేడెక్కనిస్తాను, చల్లటి ఇంజన్ మీద పెట్టిన స్లో దేనికీ పనికిరాదు. తర్వాత ఎక్సలేటర్ రాడ్ విడదీసి, లివర్ నిజంగా ఐడిల్ స్క్రూకి ఆనుతోందా లేదా చూస్తాను. ఒకసారి రాడ్ బుష్ బిగుసుకుపోయి లివర్ వెనక్కి రాకపోతే రెండు రోజులు పంపుని తిట్టుకున్నాను. డ్యాష్‌బోర్డు ముల్లుని నమ్మను, క్రాంక్ పుల్లీ మీద మెరిసే టేపు ముక్క అంటించి చేత్తో పట్టుకునే టాకోమీటర్‌తో చూస్తాను. అప్పుడు బంపర్ స్క్రూ లాక్ నట్ వదులు చేసి, ఇంజన్ స్పీడు ఇక మారదు అనేదాకా బయటికి తిప్పేస్తాను. ఐడిల్ స్క్రూతో నాకు కావలసిన దానికంటే 20, 30 ఆర్పీఎం తక్కువ పెడతాను. నాకు 700 కావాలి కాబట్టి 670 నుంచి 680. ఆఖర్న బంపర్ స్క్రూని మెల్లగా లోపలికి తిప్పుతూ 700 రాగానే ఆపి, నట్ బిగించేస్తాను. బిగించేటప్పుడు స్క్రూ కూడా తిరుగుతుంది, ఇంకోసారి చూడాలి. ఊగుడు పోవాలని బంపర్‌ని మరీ లోపలికి తోసేస్తే కాలు తీసినా ఇంజన్ దిగదు, అదో తలనొప్పి.

దీనితో ముప్పావు బాగైంది. మిగతా పావు కోసం రెండో షాపు ఎక్కాను. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు దగ్గర గాలి లాగుతోందేమోనని వాషర్లన్నీ మార్చి చూశాం, తేడా లేదు. అక్కడి పెద్దాయన ఇంజన్ స్లోలో ఉండగా నాజిల్ పైపు నట్లు ఒక్కొక్కటే వదులు చేశాడు. మంచి సిలిండర్ నట్ వదిలితే ఇంజన్ తడబడాలి. మూడో, ఐదో సిలిండర్ల నట్లు వదిలినా దానికి పట్టింపే లేదు. పంపు దించి, విడిగా తిప్పి డీజిల్ కొలిచే టెస్ట్ బెంచ్ మీద పెడితే ఫుల్ లోడ్‌లో సిలిండర్‌కొకటి చొప్పున ఆరు గాజు గొట్టాలూ సమానంగా నిండాయి, ఐడిల్‌లో మాత్రం ఆ రెండింట్లో మూడో వంతు తక్కువ. డీజిల్ ఎక్కువగా పోయేటప్పుడు అంత చిన్న తేడా కనపడదు, చుక్కల్లో పోయేటప్పుడు అదే ఇంజన్‌ని కుంటిస్తుంది. ఒక డెలివరీ వాల్వు సీటు మీద సరిగా కూర్చోవడం లేదట, ఇంకోదానిలో డీజిల్ కొలత సరిచేసే స్లీవ్ సర్దాడు. మొదటి షాపులో బెంచ్ లేక కాదు, ఐడిల్ దగ్గర కొలవలేదు, అంతే. నేనూ అడగలేదు, పికప్ వస్తే చాలన్న మోజులో ఉన్నాను.

ఆ పెద్దాయనే ఫుల్ లోడ్ కూడా కాస్త తగ్గించాడు. మొదట్లో లోడు మీద లీటరుకి నాలుగు కిలోమీటర్లు వచ్చేది పంపు పెంచాక మూడున్నరకు పడింది, ఇప్పుడు 3.8 దాకా వస్తోంది. పొల్యూషన్ సర్టిఫికెట్‌కి ఇంజన్ రేజ్ చేసి పొగ కొలుస్తారు, నాలాంటి పాత బండ్లకి పొగ మందం 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు దాటకూడదు. పెంచిన కొత్తలో ఒకసారి అక్కడ ఫెయిలయ్యాను కూడా. డీజిల్ పెంచమనే ముందు ఇది గుర్తుపెట్టుకోండి. ఫుల్ లోడ్ స్క్రూకీ, మ్యాక్సిమమ్ స్పీడు స్క్రూకీ ఉన్న సీలు తీగలు మాత్రం మీరు రోడ్డు పక్కన తెంపొద్దు, గట్టి స్ప్రింగుతో ఇంజన్ 2500 దాటి ఎంతదాకా పోతుందో బెంచ్ మీద తప్ప తెలియదు.

రెండేళ్లలో నేను మళ్లీ స్లో ముట్టుకున్నది రెండే సార్లు, రెండూ పదేసి ఆర్పీఎం తేడాలే. చలికాలం తెల్లవారుజామున గిద్దలూరులో స్టార్ట్ చేస్తే మొదటి రెండు నిమిషాలు కొంచెం గునుస్తుంది, తర్వాత సర్దుకుంటుంది. దానికోసం నేనైతే స్క్రూ తిప్పను.